మౌల్వీ సాబ్ తెలుగు

నిన్న పొద్దున మా గల్లీ మొదట్లో దూదేకే విల్లు మోగింది. కరీంనగర్‌లో ఇప్పుడు ఆ చప్పుడు వినపడడమే అపురూపం. పరుపులన్నీ దుకాణం నుంచి చుట్టి తెచ్చుకునే కాలం వచ్చాక ఆ విల్లు భుజాన వేసుకుని వీధుల్లో తిరిగేవాళ్లు కరువయ్యారు. తంతి మీద దెబ్బ పడగానే గుయ్యిమని లేచి, మరుక్షణం దూదిలో దిగి మెత్తబడిపోయే ఆ చప్పుడు విని, పొయ్యి మీది చాయ సంగతి మరిచిపోయి వాకిట్లోకి వచ్చాను. పక్కింటివాళ్లు పాత పరుపు విప్పించి అరుగు మీద దూది పోయించారు. ఎండలో నుసి ఎగురుతోంది. పాత పత్తికి ఒక వాసన ఉంటుంది. గింజ నూనె, దుమ్ము, ఏళ్ల తరబడి మనుషులు పోయిన నిద్ర, అన్నీ కలిసిన వాసన. అది ముక్కుకు తగలగానే నాకు మౌల్వీ హబీబ్ సాబ్ గడ్డం గుర్తుకొచ్చింది. ఆ గడ్డంలో ఎప్పుడు చూసినా ఒక పత్తి పోగు ఇరుక్కుని ఉండేది. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకుంటుంటే, బడికి తయారై వచ్చిన మా మనవరాలు "ఎవరిని చూసి నవ్వుతున్నావు బాపమ్మా?" అని అడిగింది. ఈలోగా చాయ పొంగి పొయ్యి ఆరిపోయింది. తిట్లు తినే వయసు దాటిపోయింది కాబట్టి బతికిపోయాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నాకు ఆదిలాబాద్ ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మాది సిరిసిల్ల. బాపు మగ్గం నేసేవాడు, అవ్వ కండెలు చుట్టేది. ఇంట్లో నా పేరు రాజవ్వ. ట్రెయినింగ్ స్కూల్లో చేరిన రోజే అక్కడి పంతులు గారు అది పేరే కాదని తేల్చి, రాజేశ్వరి అని రాసేశారు. పేరుతో పాటు నా మాటను కూడా అక్కడ మార్చేశారు. 'వచ్చిండు' అంటే బెత్తం లేచేది. 'రాలే' అంటే తరగతి మొత్తం నవ్వేది. చదువు ముగిసేసరికి నేను పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడడం నేర్చుకున్నాను. అలా మాట్లాడని వాళ్లను దిద్దడం అంతకంటే బాగా నేర్చుకున్నాను.

పెళ్లి కాని ఆడపిల్లకు కొత్త ఊళ్లో ఇల్లు దొరకడం అప్పుడు కష్టం. మా పెద్ద పంతులమ్మ వెతికి వెతికి, మసీదు పక్కనున్న మౌల్వీ సాబ్ ఇంట్లో ముందు గది ఖాళీగా ఉందని చెప్పింది. నన్ను దింపడానికి వచ్చిన బాపు ఆ మాట విని వెనకాడాడు. పోలీసు చర్య నాటి భయాలు రెండు వైపులా ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆయన చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. అప్పుడు లోపలి నుంచి పొడవాటి, సన్నటి మనిషి వచ్చారు. తల మీద భార్య అల్లిన ఉన్ని టోపీ. ఔరంగాబాద్ వైపు మనిషి, ఉర్దూ, మరాఠీ తప్ప మరో భాష సరిగా రాదు. వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ పోగేసుకుని "ఫికర్ వద్దు అన్నా. మీ బిడ్డ, మా బిడ్డ. ఒకటే" అన్నారు. వెనకాల జైనబ్ ఆపా, అంటే ఆయన భార్య, నా పెట్టె అప్పటికే లోపలికి మోసుకుపోతోంది. బస్సు ఎక్కుతూ బాపు నాతో "మనిషి మంచోడే బిడ్డా. మాటనే జర కుంటుతది" అన్నాడు.

ఆ గల్లీలో ఒక వరసలో మా బడి, మసీదు, మౌల్వీ సాబ్ ఇల్లు ఉండేవి. ఎదురుగా పత్తి మిల్లులు. చలికాలం మొదలైతే బోథ్ నుంచి, ఇచ్చోడ నుంచి పత్తి బండ్లు బారులు తీరేవి. బండ్లతో పాటు భాషలు కూడా దిగేవి. బండి తోలేవాళ్లలో సగం మంది మరాఠీ, అడవి ఊళ్ల వాళ్లు గోండీ, సేట్లు మార్వాడీ, మిల్లులో కూలి చేసేవాళ్లు తెలుగు, మిల్లు గుమాస్తాలు ఉర్దూ. వీళ్లలో ముస్లింలందరికీ శుక్రవారం పూట ఒకటే మసీదు. కూలివాళ్లలో ఎక్కువ మంది దూదేకులవాళ్లు. కరీంనగర్ పల్లెల నుంచి పత్తి పనికి వచ్చి అక్కడే గుడిసెలు వేసుకున్నారు. వాళ్లు నమ్మేది ఇస్లాం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ వాళ్లకు బజారులో బేరం ఆడేంత వరకే వచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు ముందు మౌల్వీ సాబ్ కాసేపు బయాన్ చెప్పేవారు. నమాజు, దాని ముందు చదివే ఖుత్బా ఎక్కడైనా అరబ్బీలోనే ఉంటాయి. వాటికంటే ముందు జనానికి ఉర్దూలో మంచీ చెడ్డా చెప్పే మాటలు ఈ బయాన్. హబీబ్ సాబ్ కంటే ముందున్న మౌల్వీ గంటసేపు చెప్పేవారట. మధ్యలో మిల్లు సైరన్, దాన్ని అక్కడ భోంగా అనేవారు, కూయగానే కూలివాళ్లు సగం మాట వదిలేసి పరుగెత్తేవాళ్లట. హబీబ్ సాబ్ వచ్చాక మొదట చేసిన పని, భోంగా కంటే ముందే తన మాట ఆపేయడం. "అది ఎట్లయినా కూస్తది. నేనే జల్ది ఆపాలె" అని తెలుగు వచ్చాక చెప్పేవారు. రంజాన్‌లో తెల్లవారుజామున అందర్నీ లేపే డప్పు కూడా ఆయన ఆపించారట. రాత్రి పాళీ చేసి పడుకున్న మిల్లువాళ్లలో హిందువులూ ఉంటారు కదా అని, ఒక మనిషిని పంపి రోజా, అంటే ఉపవాసం, ఉండేవాళ్ల తలుపులు మాత్రమే తట్టించేవారు. పెద్దవాళ్లు కొందరు గొణిగారట గాని, నిద్ర దక్కినవాళ్లు మాత్రం దీవించి ఉంటారు.

ఆ ఏడు పత్తి పని మొదలైన రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం దూదేకుల హుసేనయ్య మౌల్వీ సాబ్ ఇంటికి వచ్చాడు. ఆపా చలికి కప్పుకునే రజాయిలోకి దూది ఏకడానికి అతన్ని పిలిపించింది. విల్లు బిగిస్తూ అతను "ఇయ్యాల బయాన్ మంచిగున్నది సాబ్" అన్నాడు. మౌల్వీ సాబ్ సంతోషపడి "ఏం చెప్పిన?" అని అడిగారు.

"మంచిగ చెప్పిండ్రు."

"అది సరే. ఏం చెప్పిన?"

హుసేనయ్య తల గోక్కున్నాడు. "గదే సాబ్... మంచిగనే చెప్పిండ్రు." నేను గడప మీద కూర్చుని పిల్లల పలకలు తుడుస్తున్నాను. నాకు నవ్వొచ్చింది. మౌల్వీ సాబ్‌కు రాలేదు. ఆయన అతని పక్కన కూర్చుని, మాట దొరకని చోట నన్ను మధ్యలో పెట్టుకుని, తెలుగులో మెల్లగా అడగడం మొదలుపెట్టారు. పోయిన రంజాన్‌లో చెప్పింది ఏమైనా తెలుసా అని అడిగారు. అప్పుడు హుసేనయ్య ఇంకో సంగతి చెప్పాడు. "పోయిన రంజాన్ల మా అవ్వకు జెరమొచ్చింది సాబ్. ఒళ్లు కాలిపోతుండె. రోజా ఇడువనన్నది. నీళ్లు గూడ ముట్టలే. పండుగనాటికి మనిషి దక్కుతదనుకోలే."

మౌల్వీ సాబ్ ముఖం పాలిపోయింది. "బీమారున్నోళ్లకు రోజా మాఫ్ అని నేను బయాన్ల చెప్పిన కదా!" అన్నారు.

హుసేనయ్య విల్లు కింద పెట్టాడు. "చెప్పిండ్రా సాబ్?" అని అడిగాడు. ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ పూట మౌల్వీ సాబ్ ఆపా వడ్డించిన రొట్టె ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే అడ్డంగా నిలబడి "పంతులమ్మా, మళ్లీ రంజాన్ వచ్చేలోపల నాకు తెలుగు రావాలె. చెప్తవా?" అని అడిగారు. తండ్రి వయసున్న మనిషి, పిల్లవాడు అడిగినట్టు అడిగారు.

అట్లా సాయంత్రం పూట వాకిట్లో పాఠం మొదలైంది. ఒక పక్క ఆపా కూరగాయలు తరుగుతూ కూర్చునేది. మౌల్వీ సాబ్ షరతు ఒక్కటే. "అల్లా మాట చెప్పాలె. అందుకని మంచి తెలుగు కావాలె, సబ్ సే అచ్ఛా తెలుగు." మంచి తెలుగు అంటే నా దగ్గర కాక ఇంకెక్కడ దొరుకుతుందని నా గర్వం నాది. వాచకం తెరిచాను. ఆయన ఒక మాట అనడం, నేను దిద్దడం. బజారులో విన్న 'వచ్చిండు'ను ఆయన ముచ్చటగా పట్టుకొస్తే 'వచ్చాడు' అనాలి అని నేను తీసి పారేసేదాన్ని. ఒక్కోసారి నా దిద్దుబాట్ల మధ్య ఊపిరాడక ఆయన మొదలుపెట్టిన సంగతే మరిచిపోయేవారు. బజారు బేరాల్లో తెలుగు పట్టుకున్న ఆపా వంకాయ మీంచి తలెత్తకుండానే "బజార్ల అందరు వచ్చిండు అంటరు. నీ పంతులమ్మ ఒక్కతే వచ్చాడు అంటది. మరి వచ్చెటోడు ఎట్ల వస్తడు?" అనేది. ఆయన పకపకా నవ్వేవారు. నేను మాత్రం నవ్వేదాన్ని కాదు. మంచి తెలుగు నవ్వులాటా మరి!

ఈ పాఠాల సంగతి తెలిసి సరిస్తాదార్ సాబ్ వచ్చారు. నిజాం కాలంలో కచేరీ దఫ్తర్లో పెద్ద గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఆయన ఉర్దూ దస్తూరీ జిల్లాలోనే పేరు మోసిందట. దఫ్తర్లో ఉర్దూ పోయాక ఆయనకు పని లేకుండా పోయింది. మసీదు కమిటీకి ఆయనే పెద్ద. తెల్లటి షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా, ఉర్దూలోనే మాట్లాడారు. నాకు సగమే అందింది. మిగతాది ఆపా తర్వాత చెప్పింది. "కచేరీలోంచి ఉర్దూ పోయింది. బడిలోంచి పోతోంది. నా మనవలు తెలుగు బడికి పోతున్నారు, నేను రాసిన కాగితం వాళ్లకు చదవరాదు. మిగిలింది ఈ నాలుగు గోడలు మౌలానా. ఇక్కడినుంచి కూడా మీ చేతుల మీదుగానే సాగనంపుతారా?"

మౌల్వీ సాబ్ హుసేనయ్య తల్లి సంగతి చెప్పారు. సరిస్తాదార్ సాబ్ విన్నారు. విని, వెళ్లేముందు "రంజాన్ దాకా చూస్తాం. ఆ దూదేకులవాళ్లకు మీ తెలుగు ఏమైనా ఎక్కితే సరే. లేదంటే బయాన్ మునుపటిలాగే ఉర్దూలో జరగాలి. అది మీకు ఇష్టం లేకపోతే ఇంకో మసీదు చూసుకోవాలి" అన్నారు. ఇల్లు మసీదుది. ఇంకో మసీదు అంటే ఇంకో ఊరు. కత్తిపీట మీద ఆపా తరుగుడు ఆగిపోయింది. నేను మాత్రం నా శిష్యుడి మీద నమ్మకంతో ధైర్యంగా ఉన్నాను. పిచ్చి ధైర్యం.

మొదటి తెలుగు బయాన్ నాడు మా బడి వరండాలో నేను నిలబడి ఉన్నాను. మసీదు కిటికీలు మా వైపే ఉండేవి, మాట స్పష్టంగా వినపడేది. నా పక్కన, బడి గేటు దగ్గర రేగుపండ్లు అమ్మే సైదమ్మ వచ్చి కూర్చుంది. హుసేనయ్య తల్లి ఆమే. మౌల్వీ సాబ్ గొంతు సవరించుకుని, నేను నేర్పింది నేర్పినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా మొదలుపెట్టారు. "పరమ కారుణికుడగు సర్వేశ్వరుడు రుగ్మతా పీడితులకు ఉపవాస దీక్షనుండి మినహాయింపు ప్రసాదించి యున్నాడు..." నా గుండె పొంగిపోయింది. ఒక్క తప్పు లేదు. సైదమ్మ కాసేపు చెవి ఒగ్గి విని నా కొంగు లాగింది.

"పంతులమ్మా, గిదేం భాషనే?"

"తెలుగే కదా!" అన్నాను.

"గిది తెలుగా? గుళ్లె అయ్యగారు చదివినట్టున్నది." ఆమె నా ముఖంలోకి అలాగే చూసింది. "నువ్వు మీ అవ్వతోని గిట్లనే మాట్లాడ్తవా?"

సిరిసిల్లలో కండెల ముందు కూర్చున్న అవ్వ కళ్లముందు కనిపించింది. రుగ్మత అంటే ఏమిటో అవ్వకు తెలియదు. ట్రెయినింగ్ స్కూలుకు పోకముందు నాకూ తెలియదు. సైదమ్మ ఊరుకోలేదు. "మీ అవ్వ నిన్నేమని పిలుస్తది?" అని అడిగింది. రాజవ్వ అని చెప్పాను. ఆదిలాబాద్ వచ్చాక ఆ పేరు నా నోట రావడం అదే మొదలు. ఆనాటి నుంచి ఆమె నన్ను అట్లాగే పిలిచింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మౌల్వీ సాబ్ వాకిట్లో తలపట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏడుస్తున్నారేమో అని హడలిపోయాను. తల ఎత్తితే తెలిసింది, నవ్వుతున్నారు. కళ్లలో నీళ్లు వచ్చేంతగా నవ్వుతున్నారు. "హుసేనయ్యను అడిగిన, బయాన్ ఎట్లున్నది అని. ఏమన్నడో తెలుసా?" ఆపా, నేను ఒక్కసారే అన్నాం, "మంచిగ చెప్పిండ్రు!" ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన నెమ్మదిగా "సరిస్తాదార్ సాబ్ కూడ నవ్విండు. ఆయన నవ్వు వేరే" అన్నారు. రంజాన్ ఇంకెంతో దూరం లేదు.

ఆ తర్వాత ఆయన చేసింది నేను ఊహించని పని. వాచకం మూసేసి నా చేతికిచ్చారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మిల్లు ఆవరణలో, ఆడవాళ్లు పత్తిలోంచి ఆకు, గుల్ల ఏరుతూ కూర్చునే చోటుకు వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ ఒక గోనె మీద, వాళ్లకు కాస్త దూరంగా, వీపు గోడకు ఆనించి కూర్చునేవారు. మాట్లాడేవారు కాదు. చేతికి ఇంత పత్తి తీసుకుని తానూ ఏరుతూ వినేవారు. జెరం వస్తే ఏమంటారు, పిల్లవాడు మారాం చేస్తే ఏమని బుదరకిస్తారు, పక్కింటావిడ మీద కోపం ఎట్లా చెప్పుకుంటారు, అన్నీ వినేవారు. మొదట్లో ఆడవాళ్లు సిగ్గుపడి గుసగుసలాడారు. నాలుగు రోజులకు ఆయన ఉన్నారన్న సంగతే మరిచిపోయారు. ఆ గడ్డంలో పత్తి పోగులు చిక్కుకున్నది అప్పుడే. ఆపా రోజూ సాయంత్రం ఒక్కొక్కటే తీస్తూ, మిల్లు సేటు లెక్క అడుగుతాడని ఆయనను ఏడిపించేది.

సాయంత్రం నా దగ్గర కూర్చుని "మీ అవ్వ నీకు జెరమొస్తే ఏమంటది?" అని అడిగేవారు. మొదటిసారి అడిగినప్పుడు పలకలు సర్దుతూ తప్పించుకోబోయాను. ఆ మాటలు పైకి అనడానికి నాకే సిగ్గు. చివరికి చెప్పాను. "ఏం గాదు బిడ్డా, జర గింత గంజి తాగు, నేనున్న కదా, అంటది." చెప్పి ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆపా నా వీపు నిమిరింది. మౌల్వీ సాబ్ ఆ మాటను రెండు మూడుసార్లు అనుకుని "ఇదే. ఈ తెలుగే కావాలె" అన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. ఆయన తల్లి మాట్లాడింది పల్లెటూరి దక్కనీ ఉర్దూ అట. మదర్సాలో చదువుకుని ఇంటికి వెళ్లి మొదటిసారి బయాన్ చెబితే, ఆమె కూడా కొడుకును చూసి మురిసిపోయి "బహుత్ అచ్ఛా బోలా", బాగా చెప్పావు, అందట. ఏం చెప్పావురా అని మాత్రం అడగలేదట. "మా అమ్మీకి సమజ్ కాలేదని నాకు ఇన్నేండ్లకు సమజ్ అయింది పంతులమ్మా" అన్నారు. ఇప్పుడు పాఠం చెప్పేది ఎవరో, నేర్చుకునేది ఎవరో మా ఇద్దరికీ తేలేది కాదు. కారుణ్యం అన్న మాటకు బదులు ఏం చెప్పాలని అడిగితే పావురం అని చెప్పాను. మా వైపు తల్లికి బిడ్డ మీద ఉండే ప్రేమను అట్లా అంటాం. ట్రెయినింగ్ స్కూల్లో ఆ మాట వాడినందుకు నన్ను బెంచీ ఎక్కించారు.

రంజాన్ నెల వంక కనిపించడానికి ముందు శుక్రవారం వచ్చింది. ఆనాడు ఆపా పొద్దున్నుంచీ ఏ పనీ సరిగా చేయలేదు. వరండాలో సైదమ్మతో పాటు మిల్లు ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. మౌల్వీ సాబ్ మొదట ఉర్దూలో నాలుగు మాటలు చెప్పారు, సరిస్తాదార్ సాబ్ వంటి పెద్దల కోసం. బండ్లవాళ్ల కోసం మరాఠీలో రెండు మాటలు చెప్పారు. అప్పుడు గొంతు మార్చి కిటికీ వైపు తిరిగారు.

"జెరమున్నోళ్లు రోజా ఉండొద్దు. ఉంటే పుణ్యం ఎక్కువ రాదు, జెరం ఎక్కువైతది. మంచిగైనంక ఆ రోజాలు తీర్చుకోండ్రి. పాణం బాగలేని ముసలోళ్లు ఉండలేకపోతే, ఒక బీదోనికి కడుపునిండ అన్నం పెట్టుండ్రి, సరిపోతది. అల్లా మీ పాణం తీస్కోవాలని సూస్తలేడు. ఆయనకు మీ మీద పావురమున్నది. మీ అవ్వకు మీ మీద ఎట్లుంటదో గట్ల. దానికంటె ఎక్కువ."

అవతల మసీదులో వెనక వరసల నుంచి, ఎప్పుడూ కునికిపాట్లు పడే వరసల నుంచి, "ఆమీన్" అని గట్టిగా వినపడింది. భోంగా ఇంకా కూయలేదు. సైదమ్మ రేగుపండ్ల గంప పక్కకు నెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పుట్టినకాడికెల్లి ఆమీన్ అంటనే ఉన్న రాజవ్వా. దేనికంటున్ననో ఇయ్యాల్నే ఎరుకైంది" అంది. నాకు దుఃఖం ఆగలేదు. బడి పిల్లలు చూస్తున్నారని కూడా అనుకోకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం సరిస్తాదార్ సాబ్ వచ్చారు. ఈసారి కుర్చీలో కూర్చున్నారు. "వాళ్లకు ఎక్కింది. అది నేను చూశాను, కాదనను" అన్నారు. కాని ముఖంలో సంతోషం లేదు. అప్పుడు మౌల్వీ సాబ్ ఆయన ముందు నేల మీద కూర్చున్నారు. "మీ భయం ఉత్తది కాదు. నాకూ ఉంది. తెలుగును ఆపితే ఉర్దూ బతకదు సాబ్. నేర్పితే బతుకుతుంది. మీ అంత దస్తూరీ ఈ జిల్లాలో ఎవరికుంది? సాయంత్రం అసర్ నమాజు తర్వాత మసీదు వాకిట్లో కూర్చోండి. దూదేకుల పిల్లల్ని నేను పంపుతాను" అని ఉర్దూలో అన్నారు. సరిస్తాదార్ సాబ్ "పిల్లలు వస్తారా?" అని మాత్రం అడిగారు. కచేరీలో ఎంతమందిని గడగడలాడించిన మనిషో, ఆ మాట అడిగేటప్పుడు గొంతు తడబడింది.

పిల్లలు వచ్చారు. సైదమ్మ మనవలు ముందు, వాళ్ల వెనక మిగతావాళ్లు. నేనూ వెళ్లి ఆ పిల్లల మధ్య పలక పట్టుకుని కూర్చున్నాను, ఇప్పటికీ ఉర్దూ చదవగలను. సరిస్తాదార్ సాబ్ చండశాసనుడు. కాని పిల్లలకు ఉర్దూ మాట చెప్పడానికి ఆయనకు తెలుగు మాట కావలసి వచ్చేది. ఆ మాట పిల్లలే అందించేవారు. ఇంకో మసీదు సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అట్లాగని ఆయన మారిపోయారనుకోకండి. శుక్రవారం తెలుగు మాటలు మొదలు కాగానే ఆయన కళ్లు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చునేవారని హుసేనయ్య చెప్పి నవ్వేవాడు.

ఆ వానాకాలం మౌల్వీ సాబ్‌కు చలిజ్వరం పట్టుకుంది. ఆదిలాబాద్ చలిజ్వరం మనిషిని పిండి ఆరేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం బడి విరామంలో గంజి తాగించడానికి ఆపాకు సాయంగా వెళ్లాను. ఆయన హుసేనయ్య ఏకిన రజాయి కింద వణుకుతూ పడుకుని ఉన్నారు. బయాన్ ఎవరు చెబుతారో తెలియదు. జనం వచ్చి వెళ్లిపోతారేమో అని ఆయనకు అదే చింత. ఆపా కిటికీ తెరిచింది. మసీదులోంచి ఒక గొంతు వినపడింది. సన్నటి, పెళుసు గొంతు. తెలుగు.

"నాకు తెలుగు మంచిగ రాదు. మౌల్వీ సాబ్ జెరంతోని పండుకున్నది. అందుకని నేను నిలబడ్డ. మీ పోరగాండ్లకు నేను ఉర్దూ చెప్తున్న. మీ పోరగాండ్లు నాకు తెలుగు చెప్తుండ్రు. తప్పుంటే మాఫ్ చేయుండ్రి."

సరిస్తాదార్ సాబ్! మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన ఒక్కో మాటనూ తడుముకుంటూ, తప్పుల మీద తప్పులు చేసుకుంటూ, పక్కింటివాళ్లతో ఎట్లా ఉండాలో చెబుతున్నారు. నా ఒంట్లో పంతులమ్మ ఎక్కడికి పోతుంది? పండుకున్నది కాదు, అని నా నోట్లోంచి రాబోయింది. రజాయిలోంచి మౌల్వీ సాబ్ చెయ్యి బయటికి వచ్చింది. "దిద్దకు బిడ్డా. జర ఆగు. చెప్పనీ" అన్నారు. కళ్లు మూసుకుని వింటున్నారు. కన్నీళ్లు జారి గడ్డంలోకి ఇంకిపోతున్నాయి. అవతల వెనక వరసల నుంచి ఆమీన్ వినపడింది. ఆయన కూడా పెదవులు కదిపి ఆమీన్ అన్నారు. అంత సంతోషంగా ఉన్న జబ్బు మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, కరీంనగర్‌కు బదిలీ అయింది. ఆ దంపతులు కొన్నేళ్లకు ఔరంగాబాద్ వెళ్లిపోయారని, అక్కడే కాలం చేశారని విన్నాను. ఆయన మతం నాది కాదు. ఆయన చెప్పిన బయాన్లలో చాలా మాటలు మరిచిపోయాను కూడా. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తరగతిలో ఏ నేతపని వాళ్ల పిల్లో, గొల్లవాళ్ల పిల్లో లేచి నిలబడి తన ఇంటి మాటలో ఏదో చెప్పబోతే, నాలుక చివరిదాకా వచ్చిన దిద్దుబాటును మింగి, ముందు ఆ పిల్లను చెప్పనిచ్చాను. వాచకం తెలుగు తర్వాత ఎట్లాగూ నేర్పాను. నేను మంచి పంతులమ్మనని ఎవరైనా అంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆ మాట ఆయనకు ముఖాముఖి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

నిన్న నేను వాకిట్లో అట్లా నిలబడి ఉండగా మా మనవరాలు దూది కుప్ప దగ్గరికి పోయింది. దూదేకే అతను విల్లు ఆపి "ఎన్కకు జరుగు బిడ్డా, నుసి కండ్లల్ల వడ్తది" అన్నాడు. "కండ్లల్ల కాదు, కళ్లల్లో అనాలి" అంది మా పిల్ల, బడిలో నేర్చిన గొంతుతో. అతను చిన్నబోయి తల దించుకున్నాడు.

"దిద్దకు బిడ్డా. జర ఆగు" అన్నాను. ఆ మాట నా నోట మౌల్వీ సాబ్ యాసలోనే వచ్చింది.